చెఱువులోని కలుపును చెఱువులోనే చంపవచ్చునా?

మృగశిర కార్తె ప్రవేశించిన దినమున మన ఓరుగల్లు సీమలో చేపలకూర వండని యిల్లు అరుదు. ఆనాటి యుదయమున చెఱువుకట్టలమీద జనము తిరునాళ్లకు వలె గూడుదురు. పట్టిన చేపను ఒడ్డుననే తూచి యమ్ముదురు. ఈ సందడిని జూచుటకు నేనును ప్రతి సంవత్సరము పోవుచుందును. ఇటీవల కొన్ని యేండ్లుగా అచ్చట నాకు గనబడుచున్న దృశ్యము వేఱు. వల నొడ్డునకు లాగగా ముందు వచ్చునది చేప గాదు, గుర్రపుడెక్క. ఆకులను, వేళ్లను, బురదను విదిల్చి విదిల్చి చేతులు పడిపోయిన పిమ్మట అడుగున నాలుగు బొచ్చెలో, రెండు మోసులో దొరకును. చినిగిన వలను బాగుచేసికొను శ్రమ మఱునాటిది.

ఈ కలుపు నేమి చేయవలెనను ప్రశ్న ఇప్పుడు మన సంఘముల సమావేశములలో తఱచుగ వచ్చుచున్నది. మందు చల్లి చంపుడని కొందఱు, యంత్రమును దెచ్చి కోయింపుడని కొందఱు, గడ్డిచేపలను విడువుడని కొందఱు చెప్పుచున్నారు. ఈ విషయమున నా యభిప్రాయ మొక్కటే. ఏ యుపాయము నవలంబించినను, పెరిగిన కలుపు చెఱువు దాటి బయటికి రావలెను. చెఱువులోనే చచ్చి చెఱువులోనే క్రుళ్లిన కలుపును తీసినట్లు లెక్క వ్రాయరాదు. ఇట్లనుటకు గల కారణములను మన సభ్యులు ఓపికతో చదువవలెనని కోరుచున్నాను.

మన చెఱువులు నేడు ఒక్క సేద్యమునకే పరిమితములు గావు. పాకాల, రామప్ప, లక్నవరము వంటి తటాకములను కాకతీయుల కాలమున కట్టించినవారు మాగాణి పంటను మనస్సునందుంచుకొని కట్టించిరి. నేడు ఆ నీటిమీదనే మత్స్య సహకార సంఘములకు జీవనము కలదు. కొన్ని చెఱువులు పట్టణమునకు త్రాగునీటిని సమకూర్చినవి. సెలవు దినములలో పడవ యెక్కువారును, గాలము వేసికొని గంటలకొలది కూర్చుండువారును వచ్చుచున్నారు. లక్నవరములో వ్రేలాడు వంతెనలను జూచుటకు దూరప్రాంతములనుండి జనము వత్తురు. హనుమకొండ, వరంగల్లు నగరముల నడుమ నున్న భద్రకాళి చెఱువుకట్ట విహారస్థలముగ తీర్పబడినది. ఇది మంచిదే. చెఱువును జూచువారు పెరిగిన కొలది దాని యోగక్షేమము నడుగువారును పెరుగుదురు.

కాని యిందులో నొక చిక్కు గలదు. విహారమునకు వచ్చువాడు నీటి పైభాగమును మాత్రమే చూచును. పైన పచ్చదనము లేకున్న చెఱువు శుభ్రముగ నున్నదని సంతసించి పోవును. రైతునకును, మత్స్యకారునకును కావలసినది అడుగు. అడుగున బురద యెంత యున్నది, ఆ బురదలో నేమి యున్నది, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిగిలియున్నదా లేదా అనునవి వారి బ్రతుకుదెరువునకు సంబంధించిన ప్రశ్నలు. పండుగ వచ్చుచున్నదనియో, పెద్దలు వచ్చుచున్నారనియో త్వరపడి పైభాగమును శుభ్రపఱచు పని అడుగును పాడుచేయవచ్చును.

ముందుగ ఈ మొక్కను గూర్చి రెండు మాటలు. గుర్రపుడెక్క మన దేశపు మొక్క గాదు. దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము దీని పుట్టిల్లు. ఊదారంగు పూవు అందమునకు ముచ్చటపడి పందొమ్మిదవ శతాబ్దాంతమున దీనిని వంగదేశమునకు గొనివచ్చిరి. కొద్దికాలములోనే అచ్చటి కాలువలలో పడవలు నడువక, వరిచేలు మునిగి, తుదకు 1936లో దీని నిర్మూలనమునకై బెంగాలులో ప్రత్యేకముగ నొక చట్టమునే చేయవలసి వచ్చినది. ఒక్క పూలమొక్కమీద చట్టము చేయవలసివచ్చిన సందర్భములు లోకములో ఎన్నియో యుండవు!

అనుకూలమైన ఎండయు, ఎరువుగల నీరును ఉన్నచో ఇది సుమారు పదునైదు దినములకు రెట్టింపగును. మీరే లెక్క చూచుకొనుడు. పది మొక్కలతో మొదలైనచో ఎనిమిది నెలలలో పదునాఱు రెట్టింపులు. అనగా 6,55,360 మొక్కలు. కావుననే చైత్రమాసమున ఒక మూల నున్న గుంపును జూచి "ఇదెంత" అని విడిచినవారు కార్తికమున చెఱువంతయు కప్పబడుట చూచి నివ్వెఱపోవుదురు. పైగా దీనికి రెండు విధముల సంతానము గలదు. తల్లిమొక్కనుండి తీగవలె సాగి పిల్లమొక్క పుట్టుట యొకటి. పూచి గింజ రాల్చుట మఱియొకటి. ఆ గింజ అడుగు బురదలో ఇరువదియేండ్లవఱకును జీవముతో నుండగలదు. ఈ రెండవ విషయమును మనవారు తఱచు మఱతురు. దీని ప్రసక్తి మరల వచ్చును.

ఇక మందు సంగతి. 2,4-డి, గ్లైఫోసేట్ వంటి కలుపుమందులు గుర్రపుడెక్కను చంపగలవు. అందు సందేహము లేదు. మా ప్రాంతమున నొక చెఱువులో కొన్ని యేండ్ల క్రిందట ఇట్లే మందు కొట్టించిరి. ఆ చెఱువు పేరును, కొట్టించినవారి పేరును ఇచ్చట వ్రాయను. వారు దురుద్దేశముతో చేసినది గాదు. రెండు వారములలో పచ్చని చాప గోధుమరంగునకు దిగినది. మూడవ వారమున మునిగినది. కట్టపై నిలిచి చూచినవారందఱు మెచ్చుకొనిరి; ఫొటోలు తీసికొనిరి. ఆ పిమ్మట వాసన మొదలయ్యెను. మబ్బుపట్టిన రెండు దినముల తరువాత ఒక తెల్లవారున చేపలు నోళ్లు పైకెత్తి గుటకలు వేయుచు కట్టవెంబడి చేరినవి. ప్రొద్దెక్కునప్పటికి తెల్లని పొట్టలు తేలినవి. సంఘమువారు ఆ యేడు పెంచిన చేప సగమునకు పైగ పోయినది. మందు చేపను చంపినదని ఊరివారనిరి. నేను మాత్ర మట్లనుకొనలేదు. చచ్చిన మొక్క క్రుళ్లుటకు నీటిలోని ప్రాణవాయువునే వాడుకొనును. చేపకు మిగులలేదు. అంతే జరిగినది.

కథ అంతటితో ముగియలేదు. కొన్ని నెలలకు ఆ చెఱువునీరు చిక్కని ఆకుపచ్చ రంగునకు మారినది. గాలివాలున గట్టుచేరిన చోట రంగుడబ్బా ఒలికినట్లు మీగడ కట్టినది. గుర్రపుడెక్క పోయి నాచు వచ్చినది. ఎందుకు వచ్చినదో తెలియుటకు కొంచెము గణితము చాలును.

చిక్కగా అల్లుకొన్న చోట చదరపు మీటరునకు 20 కిలోలు గుర్రపుడెక్క ఉండుట సాధారణము. 30 కిలోలును ఉండవచ్చును. తక్కువదానినే తీసికొందము. ఎకరమునకు సుమారు 80 టన్నులు. ఇందులో నూటికి 95 పాళ్లు నీరే యనుకొన్నను ఎండుపదార్థము 4 టన్నులు. ఎండుపదార్థములో నత్రజని నూటికి రెండుపాళ్ల చొప్పున 80 కిలోలు. మనము వాడు యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. బస్తా 45 కిలోలు. అనగా ఎకరము గుర్రపుడెక్కను చెఱువులోనే చంపి ముంచుట ఇంచుమించు నాలుగు బస్తాల యూరియాను నీటిలో కుమ్మరించుటతో సమానము. భాస్వరము, పొటాషు దీనికి అదనము. పొలములో ఎకరమునకు నాలుగు బస్తాలు చల్లినవానిని మనము మందలింతుము గదా! చెఱువులో చల్లినవానికి మాత్రము ఏల బిల్లు చెల్లించుచున్నాము?

ఆ యెరువును తినుటకు నాచు సిద్ధముగ నుండును. పైనున్న చాప తొలగుటచే ఎండ యడుగుదాక దిగును. ఎరువు సమృద్ధిగ నున్నది. పెరుగుటకు ఇంకేమి కావలెను? నాచన్నంతనే చెడ్డదని నేననుట లేదు. లేత యాకుపచ్చ నీరు చేపకు పాడియావు వంటిది. ఆ సూక్ష్మమైన నాచు వెండిచేపకును, దాని ననుసరించి పుట్టు పురుగులు బొచ్చెకును ఆహారము. మితి దాటినచో పగలు ప్రాణవాయువు నిచ్చు నాచే రాత్రి దానిని పీల్చుకొనును. కావున తెల్లవారకముందు గండము. మోచేతివఱకు చేయి నీటిలో ముంచి అరచేతిని చూడుడు. లీలగ కనబడినచో మేలు. స్పష్టముగ కనబడినచో చేపకు మేత తక్కువ. మణికట్టు దగ్గఱనే చూపు ఆగిపోయినచో జాగ్రత్తపడవలెను; చేపలకు మేత వేయుట ఆపి, వీలున్నచో కొత్తనీటిని చెఱువులోనికి పెట్టవలెను. మీగడవలె తేలు నీలాకుపచ్చ నాచులలో కొన్ని జాతులు విషమును గూడ పుట్టించును. అట్టి నీటిని పశువులకు త్రాపరాదు.

ఈ దశలో మఱియొక సలహాదారు వచ్చి మైలుతుత్తము వేయుమనును. ఇదియు కొత్త విద్య గాదు. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన మూరు, కెల్లర్మను అను శాస్త్రజ్ఞులు 1904లోనే నీటి నాచుపై మైలుతుత్తము పనిచేయుటను ప్రకటించిరి. పనిచేయును. అయితే తీపినీటికి ఒక మోతాదు, సున్నపునీటికి మఱియొక మోతాదు. తప్పినచో చేపయే ముందు పోవును. అందలి రాగి ఎచ్చటికిని పోదు, విఱిగిపోదు. బురదలో పేరుకొని యుండును. ఆ బురదనే మనము ఎండకాలమున పొలమునకు తోలుకొందుము. చచ్చిన నాచు మరల క్రుళ్లును, మరల ఎరువగును. మందుమీద మందు, ఖర్చుమీద ఖర్చు.

ఇంతవఱకు చదివినవారు "అయ్యా, కూలి యెంతయో తెలియునా? ఎకరమునకు 80 టన్నులు మోయుట యెవరితరము?" అని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. దానికి నా సమాధానము రెండు భాగములు. మొదటిది: 80 టన్నులగువఱకు ఏల యూరకుంటిమి? మొదట పది మొక్కలుండగా ఒక నీరటి తన గుడ్డసంచిలో మోసికొని పోగలడు. పదునైదు దినముల కొకసారి తెప్పమీద చెఱువు చుట్టివచ్చు ఇద్దఱు మనుష్యుల కూలి, యేడాదికి లెక్కవేసినను, ఒక్కసారి మందు చల్లించు గుత్తకంటె ఎక్కువ గాదని నా నమ్మకము. రెండవది: మోయవలసినది పచ్చిబరువు గాదు. ఒడ్డుమీద నాలుగైదు దినములు వాడనిచ్చినచో నీరు చాలవఱకు పోవును. నీరు పోయిన దానిని బండ్లకెత్తుట సుళువు.

తీయుటకు తగిన కాలము వేసవి. నీరు తగ్గి చెఱువు చిన్నదగును. కలుపు ఒకచోట చేరును. గాలి యేవైపు వీచునో మత్స్యకారులకు చెప్పనక్కఱలేదు. వెదుళ్లను గాని, ఖాళీ డబ్బాలు కట్టిన మోకును గాని నీటిపై అడ్డముగ పఱచి, గాలి తోడ్పాటుతో కలుపు నొకమూలకు తోలి, అచ్చటనుండి పండ్లకొయ్యలతో లాగవచ్చును. పూత రాకముందే తీయుట మేలు. పూచిన పిమ్మట తీసిన యేడు గింజను విత్తినట్లే. తీసిన కుప్పను శిఖములో వేసి ఇండ్లకు పోవుట మనవారి అలవాటు. ఇది పెద్ద పొరపాటు. తొలకరికి నీరు పెరిగి ఆ కుప్పను మరల తేల్చును. సగము వాడిన కాడనుండి గూడ కొత్త మొలక వచ్చును. కట్టకు వెలుపల, నీరు చేరని మిట్టమీద మాత్రమే కుప్పవేయవలెను.

కుప్పను కంపోస్టు చేయుట మన రైతులకు తెలియని విద్య గాదు. వాడిన గుర్రపుడెక్కను తఱిగి, ఒక పొర కలుపు, ఒక పొర పేడ, కొంచెము మన్ను వేసి, లోపల చేయి పెట్టలేనంత వేడి పుట్టించి, పదునైదు దినముల కొకసారి తిరుగవేసినచో రెండు మూడు నెలలకు నల్లని యెరువగును. పొటాషు దీనిలో మెండు. మిరప, పసుపు వేయు మన ప్రాంతపు రైతులకు ఇది చెప్పవలసిన మాట. వేడి చాలని కుప్పలో గింజ చావదు గనుక అట్టి యెరువును మెట్టచేలకు వాడుడు. నీరు నిలుచు వరిమళ్లకు వలదు. ఒక హెచ్చరిక గూడ. గుర్రపుడెక్క నీటిలోని సీసము, కాడ్మియము వంటి లోహములను వేళ్లతో పీల్చుకొను గుణము గలది. కర్మాగారముల నీరు కలియు చెఱువులోని మొక్కను కూరగాయలకు ఎరువుగ వాడరాదు, పశువులకు మేపరాదు. పల్లెచెఱువుల విషయమున ఈ భయము తక్కువ.

వరంగల్లు రైతునకు ఇందు కొత్త సూత్రమేమియు లేదని నా తలంపు. పూర్వము వేసవిలో చెఱువు పూడికను బండ్లతో పొలమునకు తోలుట మన తాతల ఆచారము. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో నలుబదియాఱువేలకు పైగ చెఱువులను బాగుచేయ సంకల్పించిరి. పూడికమట్టిని రైతులే ట్రాక్టర్లతో తోలుకొనిరి. చెఱువునకు లోతు, చేనికి సారము. గుర్రపుడెక్క రాబోవు యేటి పూడికయే. నేడు తేలుచున్నది గనుక తీయుట సులభము. రేపు మునిగి బురదయైన పిమ్మట తీయవలెనన్న జేసీబీ కావలెను.

ఇప్పుడు భద్రకాళి చెఱువు మాట. 2024 నవంబరులో ఆ చెఱువునీటిని వదలి, పూడిక తీయు పని నారంభించిరి. నగరములో నింతటి చెఱువును ఎండగట్టి అడుగు చూచుట చిన్న సాహసము గాదు, చేసినవారిని అభినందింపవలసినదే. ఇట్లు చెఱువులను ఖాళీచేయు చోట్లనెల్ల ఒక విషయమును గుర్తుంచుకొనవలెను. ఇందాక చెప్పిన గింజ బురదలో నిదురించుచుండును. లోతైన నీటి క్రింద, చీకటిలో అది మొలవదు. నీరు పోయి తడిబురదపై ఎండ పడినప్పుడే మొలచును. అనగా చెఱువును ఎండగట్టుటయే ఆ గింజలను మేల్కొల్పుట. ఇది శాపమును కావచ్చును, వరమును కావచ్చును. లేతమొలకలను ఎండబెట్టియో, దున్నియో, పీకియో నీరు నిండకముందే నాశనము చేసినచో అన్నియేండ్ల గింజలసంపద ఒక్క వేసవిలో తగ్గును. చూడక నీరు నింపినచో ఆ మొలకలన్నియు ఒక్కసారిగ తేలి, పూడికతీతకు చేసిన వ్యయమును పరిహసించును. చెఱువు నింపుటకు ముందు అడుగంతయు నడచి చూచుట ఏ యంచనాపట్టికలోను పెద్దఖర్చు గాదు.

గడ్డిచేపను గూర్చి యడుగువారున్నారు. గ్రాస్ కార్ప్ అని పిలువబడు ఈ చేపను 1959లో హాంకాంగునుండి మన దేశమునకు దెచ్చిరి. అడుగున పెరుగు మెత్తని నాచుతీగలను ఇది ఆబగ తినును. గుర్రపుడెక్కను మాత్రము ముట్టదనియే చెప్పవచ్చును. కావున గుర్రపుడెక్కకు మందుగ గడ్డిచేపపిల్లలను కొనుట వైద్యుడు తలనొప్పికి కాలికి కట్టు కట్టినట్లుండును. నాచుతీగల చెఱువులో విడువవలెనన్నను జానెడు పిల్లలను విడువవలెను. చిన్నవాటిని కొఱ్ఱమీను విడువదు. మత్తడికి వల కట్టవలెను. లేకున్న తొలి వరదకే దాటిపోవును. ఇంకొక మాట: ఈ చేప తిన్నదానిలో చాలభాగము అరగక మరల నీటిలోనే విసర్జించును. అదియు ఎరువే. ఆ చేప పెరిగి, పట్టబడి, బజారునకు పోయినప్పుడు గదా చెఱువునుండి కొంత సారము బయటికి పోవుట! పట్టక విడిచినచో లెక్క మొదటికి వచ్చును.

ముక్కుపురుగుల సంగతి మఱి కొంచెము ఆశాజనకము. నియోకెటీనా అను జాతి చిన్న పురుగులను 1980 దశకారంభమున మన దేశమునకు దెచ్చి, పరీక్షించి, బెంగుళూరు చెఱువులలో విడిచిరి. అవి గుర్రపుడెక్కనే తిని బ్రతుకును, పంటలను తాకవు. మూడునాలుగేండ్లలో కొన్ని చెఱువులలో చక్కని ఫలితము గనబడినది. ఓపికగలవారికి ఇది మంచి తోడు. అయినను అదే బెంగుళూరులో మురుగునీరు చేరు బెళ్లందూరు చెఱువు 2015 నాటికి నురుగులు గ్రక్కి దేశమంతట వార్తలకెక్కినది. పురుగు మొక్కను తినగలదు, మురుగును తినలేదు.

దీనితో అసలు కాలువకు వచ్చితిమి. గుర్రపుడెక్కకు అన్నము పెట్టుచున్నదెవరు? నగరపు చెఱువులలోనికి కాలనీల మురుగు. అందఱును ఎఱిగినదే, నగరమువారిని నిందించుట మనకు సుళువును. పల్లెచెఱువులో మాత్రము సగము తప్పు మనది. వాన కురియబోవుచుండగా చల్లిన యూరియా మడి దాటి ఒఱ్ఱెలో, ఒఱ్ఱె దాటి చెఱువులో చేరును. దిబ్బలను చెఱువుగట్టున వేయుదుము. సంఘపు గిడ్డంగిలో యూరియాకై వరుసలో నిలుచుండి తెచ్చుకొన్న బస్తాలో ఎంత భాగము గుర్రపుడెక్కకు పోయినదో ఏ రైతును లెక్కింపడు. మూడు దఫాలుగ, నీరు తీసి, వాన చూచి చల్లుమని వ్యవసాయాధికారులు చెప్పుమాట చెఱువును గూర్చి చెప్పినది గాకపోయినను, చెఱువునకు అదియే మొదటి వైద్యము. చెఱువులోనికి నీరు దిగుచోట జమ్మును, తుంగను ఒక పట్టీగ పెరుగనిచ్చి, యేటేట కోసి తీసివేసినచో వచ్చు నీటిలోని సారమును కొంత అవియే పట్టుకొనును. తామరను, కలువను గూడ మొత్తము పెఱికివేయనక్కఱలేదు. చేప గ్రుడ్లకును, పిల్లలకును నీడ కావలెను.

ఎవరు చేయవలెనను ప్రశ్నకు వత్తును. ఒకసారి గుత్తకిచ్చి, శుభ్రపఱచినట్లు ఫొటో తీసికొని, డబ్బిచ్చి పంపు పద్ధతి నాకు సమ్మతము గాదు. గుత్తేదారునకు గుర్రపుడెక్క మరల పెరుగుటయే లాభము. పోయిన యేటి పనియే ఈ యేడు మరల దొరకును. దానిపై నిజమైన పగ గలవాడు మత్స్యకారుడు. వాని వల చినుగును, వాని చేప చచ్చును. 2016 నుండి ప్రభుత్వము ఉచితముగ చేపపిల్లలను చెఱువులలో విడిపించినది. కప్పుపడిన నీటిలో విడిచిన పిల్ల ఎంత బ్రతుకునో విడుచువారు చూడవలెను. చేపపిల్లకు వెచ్చించు ధనములో కొంత ఆ పిల్ల యుండబోవు నీటిని తెఱపిగ నుంచుటకు వెచ్చించుట న్యాయము.

మా సంఘపు తదుపరి సర్వసభ్య సమావేశమునకు నేనొక తీర్మానమును పంపుచున్నాను. చెఱువు కలుపు తీయు పనిని ఆ చెఱువుపై హక్కుగల మత్స్య సహకార సంఘమునకే యేడాది పొడవునకు అప్పగింపవలెను. కూలి, తీసిన టన్నులనుబట్టి గాక, నెలనెలకు తెఱపిగ నున్న నీటినిబట్టి చెల్లింపవలెను. టన్నులకు చెల్లించినచో పెంచి తీయు ఆశ పుట్టును. తీసిన కలుపును కట్టదాటించి మిట్టమీద చేర్చుట ఒప్పందములో వ్రాయవలెను. అచ్చటనుండి దానిని ఎరువు చేసికొను బాధ్యత ఆయకట్టు రైతులది. ఇందుకై సంఘము మా గిడ్డంగి వెనుకనున్న ఖాళీస్థలమును ఈ వేసవికి ఇచ్చినచో మొదటి కుప్పకు పేడ నేను తోలుదును. చెఱువులో ఏ కలుపుమందును గాని, మైలుతుత్తమును గాని మత్స్యసంఘమువారి వ్రాతపూర్వకమైన అంగీకారము లేక వేయరాదని చివరి షరతు. ఈ షరతునకు ఆక్షేపణ గలవారు ఈ పత్రికలోనే తమ కారణములను వ్రాసినచో చదువుటకు సిద్ధముగ నున్నాను.